తాళంచెవి, పద్దుల పుస్తకం: ఇంగ్లండు కాపలాదారుల పాత పేర్లు

1070 జూన్ మొదట్లో తూర్పు ఇంగ్లండులోని పీటర్‌బరో మఠానికి దుర్వార్త అందింది. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు విలియం ఆ మఠానికి టురోల్డ్ అనే ఫ్రెంచి మనిషిని అధిపతిగా వేశాడు. అది సహించని స్థానిక తిరుగుబాటుదారు హెరెవర్డ్, డేన్ల (డెన్మార్కువాళ్ల) సేనను వెంటబెట్టుకుని మఠం మీదికి వస్తున్నాడు. ఆ రాత్రి ఇవారె అనే అతను చర్చిలోకి వెళ్లి చేతికి అందినవన్నీ తీసుకున్నాడు. సువార్త గ్రంథాలు, ఆరాధన వేళ గురువులు (చర్చి పూజారులు) ధరించే వస్త్రాలు, పై అంగీలు, ఇంకా చిన్నాచితకా సామాను. తెల్లవారకముందే టురోల్డ్ దగ్గరికి చేరి రక్షణ కోరాడు, దోపిడీదారులు వస్తున్న సంగతి చెప్పాడు. ఇదంతా మఠంలోని సన్యాసుల సలహా మీదే చేశాడు. హెరెవర్డ్ మనుషులు వచ్చి నిప్పు పెట్టారు, లోపలికి చొరబడ్డారు, శిలువ మీది క్రీస్తు తలపై ఉన్న బంగారు కిరీటంతో సహా దొరికినదల్లా ఓడలకు ఎక్కించుకుపోయారు.

ఈ సంగతి అదే మఠంలో రాసిన పాత ఇంగ్లీషు వృత్తాంతంలో ఉంది. అందులో ఇవారె పేరు తప్ప ఊరూ వంశమూ ఏమీ చెప్పలేదు. చెప్పింది ఒక్క హోదా: చిరిచ్‌వెయార్డ్, అంటే చర్చి కావలివాడు. నేటి ఇంగ్లీషులో చర్చివార్డెన్ అనే మాట ఆ అర్థంతోనే నడుస్తోంది. దోచుకోవడానికి వచ్చినవాడి పేరులోనూ అదే 'వెయార్డ్' ఉండడం గమనించదగ్గది. 'హెరె' అంటే సేన, 'వెయార్డ్' అంటే కాపలా. అతని మనుషులు కూడా ఈ పని మఠం మీది విధేయతతోనే చేస్తున్నామని చెప్పుకున్నారని వృత్తాంతం రాసింది. ఫ్రెంచి అధిపతి చేతిలో పడకుండా సొత్తు కాపాడుతున్నామని వాళ్ల వాదన. ఇద్దరూ కాపాడుతున్నామనే అన్నారు. కానీ ఏమేం తీసుకెళ్లాడో మఠానికి చెప్పగలిగినవాడు ఇవారె ఒక్కడే. ఈ పాత పేర్ల చరిత్ర మొత్తం చూస్తే ఈ తేడా పదేపదే ఎదురవుతుంది. కాపలాలో ఆయుధం కన్నా లెక్క ముఖ్యం. ఏ పేరు వెనక లెక్క చెప్పే బాధ్యత ఉందో ఆ పేరే పని చేస్తూ మిగిలింది. తక్కినవి ఇంటిపేర్లుగానో ఊరేగింపు అలంకారాలుగానో మారిపోయాయి.

నార్మన్లు రాకముందు ఇంగ్లీషువాళ్లకు కాపలాకు సంబంధించి అన్ని అంతస్తులకూ ఈ వెయార్డ్ అనే మాటే సరిపోయింది. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చర్చి చరిత్రలో కాడ్మన్ అనే పశువుల కాపరి కథ ఉంది. విందులో వంతులవారీగా పాడమంటారని భయపడి అతను ముందే లేచి వెళ్లిపోయేవాడు. అలా వెళ్లిన ఒక రాత్రి పశువుల కొట్టంలో కాపలా వంతు అతనిదే. అక్కడ నిద్రలో వచ్చిన పాట ఇంగ్లీషులో మనకు దొరికిన తొలి కవితల్లో ఒకటి. అందులో దేవుణ్ణి అతను పిలిచింది పరలోకరాజ్యపు వెయార్డ్ అని, మానవజాతి వెయార్డ్ అని. కొట్టంలో గొడ్లకు కాపలా ఉన్నవాడు సృష్టికర్తకు తన పని పేరే పెట్టాడు. అది తక్కువ చేసినట్టు ఆనాటివాళ్లకు తోచలేదు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు వీరకావ్యంలో నిధి కాపలాదారు అనే ఒకే మాటను రాజుకూ వాడారు, బంగారం మీద చుట్టచుట్టుకు పడుకున్న డ్రాగన్‌కూ వాడారు. రాజు నిధిని పంచడానికి కాస్తాడు, డ్రాగన్ ఎవరికీ దక్కకుండా కాస్తుంది. మాట ఒకటే అయినా మంచిచెడ్డలు ఆ తేడాలోనే ఉన్నాయి.

లార్డ్ అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. పాత రూపం హ్లాఫోర్డ్, అంతకుముందు హ్లాఫ్‌వెయార్డ్. హ్లాఫ్ అంటే రొట్టె, కాబట్టి రొట్టెకు కావలివాడు. దొరసానికి వాడిన లేడీ అనే మాటలోనూ ఆ రొట్టే ఉంది, రెండో సగానికి పిండి పిసకడమనే అర్థం. కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ పేర సుమారు 600 నాటి చట్టాలున్నాయి. వాటిలో ఇంటి ఆశ్రితుణ్ణి 'రొట్టె తినేవాడు' అన్నారు. ఉప్పు తిన్న విశ్వాసమనే భావన తెలుగువాళ్లకు కొత్త కాదు గనుక ఈ జత సులభంగా అర్థమవుతుంది. దొరతనమంటే మొదట భూమి కాదు, కత్తి కాదు. గాదె తాళం అతని దగ్గర ఉండడం, అందరికీ అందేలా చూడడం. ఆ అర్థం కరిగిపోయి లార్డ్ వట్టి బిరుదుగా మిగలడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది.

ఇంటి వ్యవహారాలు చూసే స్టీవార్డ్ కథ ఇంకా విచిత్రమైన మలుపు తిరిగింది. ఆ మాటకు పందుల దొడ్డి కాపలాదారు అని అర్థం చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. అది సరైనది కాదు. మొదటి భాగం ఇంటిని, లోగిలిని సూచించేది. స్కాట్లండులో రాజు ఇంటి స్టీవార్డ్ పదవి ఒక కుటుంబానికి వంశపారంపర్యమైంది, పదవి పేరే ఇంటిపేరైంది. 1371లో ఆ కుటుంబంవాడే రెండో రాబర్ట్‌గా స్కాట్లండు సింహాసనం ఎక్కాడు, 1603లో ఇంగ్లండు కిరీటం కూడా ఆ వంశానికి దక్కింది. స్టువర్ట్ రాజులంటే, పేరును బట్టి, లోగిలి కాపలాదారుల సంతతి. అదే వెయార్డ్ పల్లెలో హేవార్డ్ అయింది. కంచెలు చూసుకోవడం, చేలో పడిన పశువును పట్టి బందెలదొడ్డికి తోలడం అతని పని. అడవి చూసేవాడు వుడ్‌వార్డ్. ఇవన్నీ ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల ఇంటిపేర్లు. పార్కు కాపలాదారు పార్కర్, కుందేళ్ల పెంపకపు నేల చూసే వార్నర్ కూడా అంతే.

1066 తరువాత పరిస్థితి మారింది. నార్మన్లు మాట్లాడిన ఫ్రెంచిలో చాలా మాటలు అంతకు కొన్ని శతాబ్దాల ముందు ఫ్రాంకులనే జర్మనిక్ జాతి నుంచి వచ్చినవే. ఫ్రాంకుల కాపలా మాటకూ ఇంగ్లీషు వెయార్డ్‌కూ మూలం ఒకటే. ఉత్తరాది ఫ్రెంచిలో దాని మొదటి 'వ' నిలిచింది, పారిస్ వైపు అది 'గ' అయింది. ఇంగ్లండుకు రెండూ దిగుమతయ్యాయి. అందుకే వార్డ్, గార్డ్ జంట ఉంది, వార్డెన్, గార్డియన్ జంట ఉంది, రివార్డ్, రిగార్డ్ కూడా ఒక జంటే. పని మాత్రం పంచుకున్నారు. స్థలానికీ సంస్థకూ సొత్తుకూ ఉండేవాడు వార్డెన్. తనంతట తాను చూసుకోలేని మనిషికి, ముఖ్యంగా పసివాడికి, ఉండేవాడు గార్డియన్. మన దేశంలో మైనర్ల సంరక్షణకు ఇప్పటికీ అమల్లో ఉన్న 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పేరులో సంరక్షకుడు 'గ' వైపు నుంచి, సంరక్షణలో ఉన్న బిడ్డ 'వ' వైపు నుంచి వచ్చారు. హాస్టల్ వార్డెన్, మున్సిపల్ వార్డు, ఆసుపత్రి వార్డు, రైలు గార్డు అన్నీ తెలుగు మాటలైపోయాయి. వీటిలో రైలు గార్డు హోదాకు మాత్రం 2022 జనవరిలో రైల్వేశాఖ ట్రెయిన్ మేనేజర్ అని పేరు మార్చింది.

కీపర్ సంగతి వేరు. ఆ క్రియ సుమారు 1000 ప్రాంతంలో ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది, సోదర భాషల్లో దానికి నమ్మదగిన బంధువు లేదు. నెమ్మదిగా అదే వెయార్డ్‌ను సామాన్య వాడుక నుంచి నెట్టేసింది. రాజముద్ర కాసే లార్డ్ కీపర్ నుంచి దీపస్తంభం కీపర్ దాకా, చివరికి వికెట్ కీపర్ దాకా.

చర్చి లోపలి హోదాలకు వస్తే లాటిన్ ప్రభావం ఎక్కువ. పదో శతాబ్దం చివర ఎల్ఫ్రిక్ అనే మఠవాసి గురువుల కోసం రాసిన లేఖలో ఏడు అంతస్తుల సేవకులను వివరించాడు. అట్టడుగున ఉన్నది ఓస్టియారియస్, ద్వారపాలకుడు. ఎల్ఫ్రిక్ అతన్ని చర్చి దురెవెయార్డ్ అన్నాడు. గంట కొట్టి వేళ తెలపాలి, విశ్వాసులకు తలుపు తీయాలి, విశ్వాసం లేనివారికి మూయాలి. గంట, తాళం, గడప: ఈ మూడే తరువాతి చిన్న ఉద్యోగాలన్నిటికీ మూలం. రోమన్ కాథలిక్ చర్చి ఈ ద్వారపాలక అంతస్తును 1972లో రద్దు చేసింది. ఓస్టియారియస్ ఫ్రెంచిలో అరిగి అషర్ అయి, ఇప్పుడు పెళ్లిళ్లలోనూ థియేటర్లలోనూ సీటు చూపించేవాడి పేరైంది.

సెక్స్‌టన్ కూడా అలా అరిగిన మాటే. చర్చిలోని పవిత్ర సామాను చూసేవాడని అర్థమున్న లాటిన్ సాక్రిస్టానస్ ఇంగ్లండుకు రెండుసార్లు వచ్చింది. ముందు ఫ్రెంచివాళ్ల నోట నలిగి సెక్స్‌టన్‌గా, తరువాత పుస్తకాల నుంచి నేరుగా సాక్రిస్టన్‌గా. పవిత్ర పాత్రలు, వస్త్రాలు సాక్రిస్టన్‌కు మిగిలాయి. గంట తాడు, చీపురు, పలుగు, పార సెక్స్‌టన్‌కు వచ్చాయి. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో గోతులు తవ్వేవాడు తాను ముప్పై ఏళ్లుగా ఇక్కడ సెక్స్‌టన్‌నని చెప్పుకుంటాడు. అప్పటికే ఆ మాట వినగానే జనానికి సమాధి గుర్తొచ్చేది.

ఆ ఉద్యోగం ఎలాంటిదో చూడాలంటే మళ్లీ పీటర్‌బరోకే వెళ్లాలి. ఇవారె కాసిన చర్చి కాలిపోయాక కట్టిన పెద్ద ఆలయాన్ని మఠం మూతపడిన తరువాత, 1541లో, కేథడ్రల్ చేశారు. అక్కడ రాబర్ట్ స్కార్లెట్ అనే సెక్స్‌టన్ 1594లో 98 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఎనిమిదో హెన్రీ విడిచిపెట్టిన రాణి కేథరిన్‌ను 1536లోనూ, శిరచ్ఛేదం పాలైన స్కాట్లండు రాణి మేరీని 1587లోనూ అక్కడే సమాధి చేశారు. ఇద్దరు రాణులనూ అతనే పూడ్చాడని, ఊరి గృహస్థులను రెండు తరాలవాళ్లను భూమిలోకి దించాడని కేథడ్రల్‌లో అతని చిత్రం కింద పద్యం ఉంది. ఆ చిత్రంలో చేతిలో పార, దగ్గర తాళాల గుత్తి, నడుము పటకాలో కొరడా. కొరడా కుక్కల కోసం. ఆరాధన వేళ చర్చిలోకి దూరే కుక్కలను తరమడానికి ఇంగ్లండు పల్లెల్లో జీతమిచ్చి మనిషిని పెట్టుకునేవాళ్లు, ప్రసంగం మధ్య కునికేవాళ్లను కర్రతో తట్టి లేపడానికీ పెట్టుకునేవాళ్లు. రాజులు, బిషప్పుల సమాధులున్న దేశంలో ఒక గోతులు తవ్వేవాడికి కేథడ్రల్ గోడ మీద నిలువెత్తు చిత్రం దక్కడం చాలా అరుదైన గౌరవం. అది అతనికి తగినదే.

వర్జర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వర్జ్ అంటే బెత్తం. బెత్తం పట్టుకుని గురువుల ముందు నడిచి జనంలో దారి చేసేవాడు. ఇప్పుడు కేథడ్రళ్ల భవన నిర్వహణలో అసలైన పని చాలా వరకు అతనిదే అయినా, పేరు మాత్రం బెత్తానిదే. బీడిల్ కథ విచారకరం. పాత ఇంగ్లీషులో బ్యూదెల్ అంటే చాటేవాడు, వార్తాహరుడు. క్రీస్తు రాకను ముందుగా చాటిన బాప్తిస్మమిచ్చు యోహానును ఎల్ఫ్రిక్ ఈ మాటతోనే పిలిచాడు. తరువాత అది న్యాయసభల బంట్రోతుకు, ఆ తరువాత చర్చి పరిధిలో బిచ్చగాళ్లను తరిమే చిన్న అధికారికి దిగింది. 1837లో మొదలైన డికెన్స్ ఆలివర్ ట్విస్ట్ నవలలో అనాథల మీద జులుం చేసే బంబుల్ ఈ బీడిలే. అతని పేరు నుంచి చిల్లర అధికార దర్పానికి ఇంగ్లీషులో ఒక మాటే పుట్టింది. ఇక ఆక్స్‌ఫర్డ్‌లో బీడిళ్లు నేటికీ వైస్ ఛాన్సలర్ ముందు దండాలు పట్టుకుని నడుస్తారు. ప్రవక్త, పేదల పాలిటి యముడు, స్నాతకోత్సవపు అలంకారం. ఒక పదవి పేరు ఇంత దూరం దొర్లడానికి కారణం ఆ పదవికి సొంతంగా కాయాల్సినదేదీ లేకపోవడమే. ఇతరుల మాట మోయడమే దాని పని. ఎవరి మాట మోస్తే వాళ్ల రంగు దానికి అంటుకుంది.

చర్చివార్డెన్‌కు కాయాల్సిన సొత్తు ఉంది. మధ్యయుగపు చివర ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరి సమూహంలో, సాధారణంగా ఇద్దరు వార్డెన్లుండేవారు. గురువులు కారు, సామాన్య రైతులూ చేతివృత్తులవాళ్లూ. ఆలయంలో గురువు నిలబడే తూర్పు భాగం మరమ్మతు ఆయన బాధ్యత, జనం నిలబడే భాగం జనానిది. ఆ జనం తరఫున డబ్బు పోగుచేసి, ఖర్చుపెట్టి, ఏడాది చివర అందరి ముందూ పద్దు చదవాల్సింది వార్డెన్లు. ఆ పద్దుల పుస్తకాలు చాలా ఊళ్లలో మిగిలాయి. వాటిలో ప్రసిద్ధమైనది డెవన్‌లోని మోర్‌బాత్ అనే కొండ పల్లెది. ముప్పై పై చిలుకు కుటుంబాల ఊరు. 1520 నుంచి 1574 దాకా అక్కడ గురువుగా ఉన్న క్రిస్టఫర్ ట్రైకే ఆ లెక్కలన్నీ వార్డెన్ల తరఫున తన చేత్తో రాశాడు.

ఆ పల్లెలో ఒక్క నిధి కాదు, ఒక్కో పునీతుడి దీపానికి ఒక్కో నిధి, ప్రతి నిధికీ కాపలాదారులు. పడుచువాళ్లకు వేరే నిధి, పెళ్లికాని ఆడపిల్లలకు వేరే నిధి, వాటికి వాళ్లలోంచే వార్డెన్లు. చర్చి గొర్రెలను ఇళ్లకు పంచి మేపించేవారు, ఉన్ని అమ్మిన డబ్బు నిధికి జమ. గొర్రె చచ్చినా పద్దులో రాయాలి. ఇంత చిన్న ఊళ్లో దాదాపు ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకప్పుడు వార్డెన్ పని చేసినదే. అంటే కాపలా అక్కడ ఉద్యోగం కాదు, వంతు. చనిపోయినవారి కోసం చేసే ఆరాధనకు నల్ల వస్త్రాలు కొనాలని ట్రైకే సుమారు ఇరవై ఏళ్లు పైసా పైసా కూడబెట్టించాడు. వస్త్రాలు 1547లో వచ్చాయి. అదే ఏడాది ఆరో ఎడ్వర్డ్ గద్దెనెక్కాడు, ఆ ఆరాధనలనే కొత్త ప్రొటెస్టెంట్ ప్రభుత్వం తుడిచిపెట్టింది. నిధులు మూతపడ్డాయి, గొర్రెలు అమ్ముడుపోయాయి, పద్దుల పుస్తకం చిక్కిపోయింది. ఇంగ్లండు మతసంస్కరణను రాజులూ బిషప్పులూ చెప్పినప్పటి కన్నా ఈ లెక్కల్లో చదివినప్పుడే ఎక్కువ బాధ కలుగుతుంది. ఒక తరం పోగుచేసింది ఏ వరుసలో పోయిందో ఇక్కడ తెలుస్తుంది.

1552లో ఎడ్వర్డ్ కమిషనర్లు దేశంలోని ప్రతి చర్చిలో ఉన్న పాత్రలు, గంటలు, వస్త్రాల జాబితా వార్డెన్ల చేత రాయించారు. మరుసటి ఏడాది చాలా వరకు స్వాధీనం చేసుకున్నారు. కాపలాదారు రాసిన జాబితాయే జప్తుకు ఆధారమైంది. అయినా ఆ పదవి చావలేదు, పైగా బరువెక్కింది. ఆదివారం ఆరాధనకు రానివారి దగ్గర పన్నెండు పెన్నీల జరిమానా వసూలు చేయమని 1559 చట్టం వార్డెన్లకే చెప్పింది. పంట నాశనం చేసే నక్కలు, ఎలుకలు, పక్షుల తలలు తెచ్చినవారికి డబ్బివ్వమని 1566 చట్టం. 1601 నాటి పేదల చట్టం వాళ్లను పేదల పర్యవేక్షకులను కూడా చేసింది. పన్ను వేయడం, అనాథను పనిలో పెట్టడం, ముసలివాళ్లకు కూడు చూడడం అన్నీ వచ్చిపడ్డాయి. ప్రభుత్వానికి పల్లెలో సొంత యంత్రాంగం లేదు. లెక్క రాసి అప్పజెప్పడం అలవాటైన మనుషులు ప్రతి ఊళ్లోనూ ముందే సిద్ధంగా ఉన్నారు. పని వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది అందుకే.

1604 నాటి చర్చి శాసనాల్లో 89వది ఈ బాధ్యతను సూటిగా చెప్పింది. గురువూ ప్రజలూ కలిసి వార్డెన్లను ఎన్నుకోవాలి. కుదరకపోతే ఒకరిని గురువు, మరొకరిని ప్రజలు ఎంచుకోవాలి. ఏడాది ముగిశాక నెల లోపల, వచ్చిన డబ్బుకూ పెట్టిన ఖర్చుకూ సరైన లెక్క చెప్పి, మిగిలిన డబ్బూ సామానూ తరువాతివారికి అప్పగించాలి. ఈ అప్పగింత సరిగ్గా జరగని చోట్ల కోర్టు కేసులు, కక్షలు కూడా అంతే సహజంగా పుట్టాయి. ఈ పదవి పవిత్రమేమీ కాదు, దానికి లెక్క అడిగే సభ ఉండేది. అదే దాని బలం.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ బరువు దిగింది. చర్చి కోసం నిర్బంధంగా వేసే పన్ను 1868లో పోయింది. 1894 స్థానిక ప్రభుత్వ చట్టంతో పల్లె పారిష్‌ల లౌకిక పనులు ఎన్నికైన కౌన్సిళ్లకు వెళ్లాయి. కానీ వార్డెన్ అనే పేరు మీద జనానికి ఉన్న నమ్మకాన్ని ప్రభుత్వం మళ్లీ మళ్లీ వాడుకుంది. బాంబు దాడుల భయం వచ్చినప్పుడు 1937లో ఎయిర్ రెయిడ్ వార్డెన్లను, బండ్లు నిలిపే చోట్ల గొడవ పెరిగినప్పుడు 1960లో లండన్ వీధుల్లో ట్రాఫిక్ వార్డెన్లను పెట్టింది.

చర్చి ఆఫ్ ఇంగ్లండులో చర్చివార్డెన్లు ఇంకా ఉన్నారు, ప్రతి పారిష్‌లో మామూలుగా ఇద్దరు. చర్చిలోని పాత్రలు, పుస్తకాలు, కుర్చీలు, కదిలించదగిన సామాను మొత్తం చట్టం ప్రకారం వాళ్ల పేరనే ఉంటుంది. గురువు పేర కాదు, బిషప్ పేర కాదు. ఆస్తుల జాబితా, భవనానికి చేసిన ప్రతి మరమ్మతూ రాసే పుస్తకం వాళ్లే నడపాలి. ఆరాధనలో అల్లరి చేసేవాణ్ణి అదుపులోకి తీసుకునే అధికారం 1860 చట్టం వాళ్లకిచ్చింది, దాన్ని వాడే అవసరం చాలా అరుదు. ఊరేగింపులో పట్టుకునే దండాలు ఆ అధికారానికి గుర్తు. 2001 నాటి నిబంధన ప్రకారం ఎవరూ వరసగా ఆరు దఫాలకు మించి ఉండకూడదు. పారిష్ సభ తీర్మానం చేస్తే ఆ పరిమితిని పక్కన పెట్టవచ్చు. జనం తగ్గిన చిన్న పల్లెల్లో జీతం లేని ఈ లెక్కల పనికి ముందుకొచ్చేవాళ్లు దొరకడమే కష్టం. ఆ తీర్మానం అవసరం అక్కడే పడుతోంది.